సొంతంగా కట్టుకున్న విమానంలో ఎండ వేడిని ఆపడం

సొంతంగా కట్టుకున్న చిన్న విమానంలోకి ఎండ వేడి ప్రధానంగా వచ్చేది దాని ప్లాస్టిక్ కిటికీల గుండానే. అమెరికాలో ఇలాంటి విమానాలను ఎక్స్‌పెరిమెంటల్ తరగతి కింద నమోదు చేస్తారు. నిర్మాణంలో సగానికి మించిన పనిని ఔత్సాహికులే తమ సరదా కోసం, నేర్చుకోవడం కోసం చేసి ఉండాలన్నది అక్కడి నియమం. పాల్ పోబెరెజ్నీ 1953లో విస్కాన్సిన్ రాష్ట్రంలో మొదలుపెట్టిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ చుట్టూ ఈ అభిరుచి పెరిగింది. ఏటా జూలై చివరలో ఓష్‌కోష్‌లో ఆ సంస్థ జరిపే ఉత్సవానికి వేల విమానాలు వస్తాయి. మిట్టమధ్యాహ్నం పచ్చికలో వరసగా నిలిపి ఉన్న ఆ విమానాల్లో చాలావాటి పైకప్పు మీద గుడ్డ కప్పి ఉంటుంది. కప్పని విమానంలోకి ఎక్కి కూర్చుంటే కారణం వెంటనే తెలిసిపోతుంది.

ఈ విమానాల కిటికీలు రెండు తీరులుగా ఉంటాయి. ఆరెగాన్ రాష్ట్రానికి చెందిన వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ కిట్లతో తయారై పదివేలకు పైగా విమానాలు గాలిలోకి లేచాయి. ఆ కంపెనీ ఆర్‌వీ శ్రేణిలోని రెండు సీట్ల విమానాల్లో దాదాపు అన్నిటికీ రెక్కలు కింద ఉంటాయి, పైలట్ తల మీద బుడగలా ఉబ్బిన పారదర్శకమైన కప్పు ఉంటుంది. దాన్ని కానపీ అంటారు. కిట్‌ఫాక్స్, జెనిత్ సీహెచ్ 750 లాంటివాటికి రెక్కలు పైన ఉంటాయి. వాటికి తలుపుల నిండా కిటికీలతోపాటు నెత్తి మీద కూడా ఒక పారదర్శక పలక అమర్చే వీలుంటుంది. బుడగ కానపీలు సాధారణంగా అక్రిలిక్‌తో చేస్తారు. వంపు తక్కువున్న పలుచని పలకలకు పాలీకార్బొనేట్ వాడతారు. గాజు బరువులో సగం కూడా లేకపోవడం, కోరిన ఆకారానికి వంచగలగడం వల్ల ఈ ప్లాస్టిక్‌లు విమానాలకు తప్పనిసరయ్యాయి. అక్రిలిక్ మరింత స్పష్టంగా ఉంటుంది, గీతలు పడ్డా సానపెట్టుకోవచ్చు, కానీ దెబ్బ తగిలితే పగులుతుంది. పాలీకార్బొనేట్ దెబ్బను తట్టుకుంటుంది, కానీ తేలిగ్గా గీతలు పడుతుంది, పెట్రోలు చుక్క పడితే పాడవుతుంది.

వేడి లెక్క ఇలా ఉంటుంది. మబ్బులేని మధ్యాహ్నం నేల మీద సూర్యుడికి ఎదురుగా ఉన్న ఒక చదరపు మీటరు మీద దాదాపు 1000 వాట్ల శక్తి పడుతుంది. అందులో కంటికి కనిపించే వెలుగు సగం కంటే కాస్త తక్కువ. అతినీలలోహిత కిరణాలు కొద్ది శాతమే. మిగిలిన సగం దాకా కంటికి కనిపించని పరారుణ కిరణాలే. రంగులేని అక్రిలిక్ కనిపించే వెలుగులో 92 శాతాన్ని వదిలిపెడుతుంది, వెలుగుకు దగ్గరగా ఉన్న పరారుణ కిరణాల్లోనూ చాలా భాగాన్ని వదిలిపెడుతుంది. నడినెత్తిన ఉన్న సూర్యుడికి బుడగ కానపీ ఒక చదరపు మీటరు మేర ఎదురుపడిందనుకుంటే లోపలికి 850 వాట్ల దాకా వస్తుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి వెలువడే వేడి సుమారు 100 వాట్లు. అంటే ఇద్దరు పట్టే ఇరుకు చోటులో ఒక ఇస్త్రీ పెట్టె ఆగకుండా కాలుతూ ఉన్నట్టే.

వచ్చిన వెలుగు సీట్ల మీద, బట్టల మీద, పలకల మీద పడి వేడిగా మారుతుంది. వేడెక్కిన వస్తువులు తిరిగి విడిచేది దీర్ఘ తరంగాల పరారుణ కిరణాలను. వాటిని అక్రిలిక్, పాలీకార్బొనేట్ రెండూ బయటికి పోనివ్వవు. అంతకంటే ముఖ్యమైనది, వేడెక్కిన గాలి పైకి లేచినా కప్పు మూసి ఉంటే పోయే దారి ఉండదు. నిలిపి ఉన్న విమానం కాసేపటికే చేతులు పెట్టలేనంత వేడెక్కడానికి ఈ రెండూ కారణాలు.

గాలిలోకి లేచాక పరిస్థితి మారుతుంది. 1000 అడుగులు పైకి వెళ్లినప్పుడల్లా గాలి ఉష్ణోగ్రత సుమారు 2 సెంటీగ్రేడ్ డిగ్రీలు తగ్గుతుంది. నేల మీద 40 డిగ్రీలున్న రోజున 8000 అడుగుల ఎత్తున 24 డిగ్రీలే ఉంటుంది. అయితే పైన గాలి పలుచన కాబట్టి ఎండ తీవ్రత కాస్త పెరుగుతుంది. అందుకే కాళ్లకు చల్లగా ఉంటూనే నడినెత్తి, భుజాలు, తొడలు మండుతుంటాయి. గాలి వేడి వేరు, నేరుగా ఒంటి మీద పడే ఎండ వేరు. మొదటిదానికి మందు గాలి ప్రసరణ. రెండోదానికి మందు నీడ తప్ప మరొకటి లేదు. ఈ తేడా గమనించకపోతే ఖర్చు పెట్టిన డబ్బంతా వృథా అవుతుంది.

కిటికీల పని పట్టే ముందు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. కాక్‌పిట్‌లోని వేడంతా ఎండదే కాకపోవచ్చు. ఇంజన్‌కూ మనుషులకూ మధ్య ఉన్న ఫైర్‌వాల్ అనే లోహపు పలక వేడెక్కి కాళ్ల వైపు వేడిని పంపుతుంది. చలికాలం కోసం పెట్టిన హీటర్ మూత సరిగ్గా పడకపోతే ఎగ్జాస్ట్ గొట్టం చుట్టూ కాగిన గాలి వేసవిలోనూ లోపలికి వస్తుంది. వైర్లు, గొట్టాలు పోయే రంధ్రాలు సరిగా మూసి ఉండకపోవచ్చు. పొద్దున్నే ఎండ ఎక్కకముందు గానీ మబ్బు పట్టిన రోజున గానీ ఒకసారి ఎగిరి, పాదాల దగ్గర, తల దగ్గర ఉష్ణోగ్రత కొలిస్తే అసలు దోషి ఎవరో బయటపడుతుంది. ఆ రంధ్రాలు మూయడం ఒక్క వేడి కోసమే కాదు, వాటిలోంచే ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ కూడా లోపలికి రావచ్చు.

ఎండ సంగతికొస్తే, వెలుగు ప్లాస్టిక్‌ను దాటకముందే ఆపడం అన్నిటికంటే మేలైన పద్ధతి. దాటి లోపలికి వచ్చాక దాన్ని ఏం చేసినా సగం పనే. నేల మీద ఉన్నప్పుడు దీనికి సాధనం బయటి గుడ్డ కప్పు. పైవైపు తెల్లగా గానీ వెండి రంగులో గానీ ఉండే దళసరి గుడ్డ, అక్రిలిక్‌ను తాకే వైపు మెత్తని అస్తరు, విమానం పొట్ట కిందుగా బిగించే పట్టీలు ఉంటే చాలు. ఎండలో చాలా భాగం వెనక్కి పోతుంది. గుడ్డ పీల్చుకున్న వేడిని బయటి గాలి తీసుకుపోతుంది. లోపలి ఉష్ణోగ్రత దాదాపు బయటి గాలితో సమానంగా ఉంటుంది. దీనివల్ల మనుషులకే కాదు, డిస్‌ప్లేలకు, రేడియోలకు, సీటు గుడ్డకు కూడా ఆయుష్షు పెరుగుతుంది. గుడ్డతో వచ్చే ముప్పు ఒక్కటే, దుమ్ము. దుమ్ము పట్టిన కానపీ మీద గుడ్డ కప్పి వదులుగా కడితే గాలికి అది రెపరెపలాడి ప్లాస్టిక్ మీద గీతలు పెడుతుంది. ముందు నీళ్లతో దుమ్ము పోయేలా కడిగి, తర్వాత కప్పి, బిగుతుగా కట్టాలి.

బయటి కప్పు బదులు లోపల వెండి రంగు షీట్లు పెట్టుకునేవారు చాలామంది ఉన్నారు. మోసుకుపోవడానికి తేలిక కావడం వాటి సుగుణం. అయితే అక్కడ వెలుగు ఒకసారి ప్లాస్టిక్‌లోంచి లోపలికి వచ్చి, షీటుకు తగిలి మళ్లీ ప్లాస్టిక్‌లోంచే బయటికి పోతుంది. షీటు కిటికీకి అంటుకుపోయి ఉంటే మధ్యలో గాలి ఆడక ప్లాస్టిక్ మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతుంది. అక్రిలిక్ దాదాపు 105 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. అంతదాకా పోకపోయినా, బిగించిన స్క్రూల దగ్గర ఒత్తిడిలో ఉన్న అక్రిలిక్‌ను పదేపదే కాచడం మంచిది కాదు. లోపలి షీటు వాడితే కిటికీకి, దానికి మధ్య కాస్త ఖాళీ ఉంచాలి.

కానపీని తెరిచి ఎండలో వదిలేయడం మరో ప్రమాదం. వేడి పోతుందని ఇలా చేస్తారు. కానీ పక్కకు గానీ వెనక్కి గానీ తెరిచి పెట్టిన బుడగ కానపీ లోపలి వంపు పుటాకార దర్పణంగా పనిచేసి ఎండను ఒకచోట కేంద్రీకరించగలదు. ఆ చోట హెడ్‌రెస్టో సీటు గుడ్డో ఉంటే కాలిపోతుంది. బుడగ కానపీలు ఎక్కువగా వాడే గ్లైడర్ల వాళ్లకు ఈ కాలిన మచ్చలు పరిచయమే. పైలట్ పక్కనే ఉన్నప్పుడు వేడి పోవడానికి తెరవడం వేరు, తెరిచి వదిలేసి వెళ్లిపోవడం వేరు.

ఎగిరేటప్పుడు బయటి కప్పు ఉండదు కాబట్టి లోపలి తెరలు అవసరమవుతాయి. ఇక్కడ ఎటువైపు కప్పుతున్నామన్నదే ప్రశ్న. చిన్న విమానాలు ఒకదాన్నొకటి ఢీకొనకుండా ఉండటానికి ప్రధాన ఆధారం పైలట్ కళ్లే. ముందు అద్దం, రెండు పక్కలు, మలుపు తిరిగేటప్పుడు చూడాల్సిన దిక్కు ఖాళీగా ఉండాలి. సరిగ్గా నడినెత్తి మీదుగా, కాస్త వెనక్కి ఉన్న భాగం కప్పితే కోల్పోయే చూపు తక్కువ, తగ్గే బాధ ఎక్కువ. మధ్యాహ్నపు ఎండ దిగేది అటునుంచే. ఆర్‌వీ యజమానుల్లో చాలామంది కానపీ వంపుకు తగ్గట్టు కుట్టించిన గుడ్డ తెరను వెనక నుంచి ముందుకు లాక్కునేలా అమర్చుకుంటారు. విమానం బయల్దేరేటప్పుడు, దిగేటప్పుడు, విమానాశ్రయం చుట్టూ రద్దీలో తిరిగేటప్పుడు దాన్ని వెనక్కి నెట్టేస్తారు. ఇది తేలికైన, చవకైన, ప్లాస్టిక్‌కు ఏ హానీ చేయని పద్ధతి. తెర జారి కంట్రోల్ స్టిక్‌కు గానీ కానపీ గొళ్లేనికి గానీ అడ్డం పడకుండా గట్టిగా బిగించడం మాత్రం తప్పనిసరి.

రెక్కలు పైనున్న విమానాల్లో నెత్తిమీది పలక విషయం కాస్త చిక్కు. ఒరిగి మలుపు తిరిగేటప్పుడు లోపలివైపు రెక్క చూపును మూసేస్తుంది. అప్పుడు తిరుగుతున్న దిక్కు కనిపించేది ఈ పలకలోంచే. దాన్ని శాశ్వతంగా మూసేస్తే చల్లదనం దొరుకుతుంది, కానీ ఆ చూపు పోతుంది. లాక్కుని తెరుచుకునే తెర పెట్టుకుంటే రెండూ దక్కుతాయి.

రంగు కలిపిన ప్లాస్టిక్ తర్వాతి మార్గం. బూడిద, కంచు, ఆకుపచ్చ ఛాయల్లో అక్రిలిక్ దొరుకుతుంది. ఛాయ ఎండను వెనక్కి పంపదు, పీల్చుకుంటుంది. పీల్చుకున్న వేడి ఎటు పోతుందన్నది విమానం కదులుతోందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. గాలిలో వేగంగా వెళ్తున్నప్పుడు బయటి గాలి పలకను గట్టిగా రాసుకుంటూ పోయి, ఆ వేడిలో అధిక భాగాన్ని పట్టుకుపోతుంది. రన్‌వే చివర వరసలో ఆగి ఉన్నప్పుడు బయట గాలి ఆడదు కాబట్టి చెప్పుకోదగ్గ భాగం లోపలికే వస్తుంది. కాబట్టి ఛాయ వేసిన కానపీ ఆకాశంలో పనిచేసినంత బాగా నేల మీద పనిచేయదు. మరో సంగతి, ముదురు ఛాయ కనిపించే వెలుగును ఎంత తగ్గించిందో పరారుణాన్ని అంత తగ్గించిందని చెప్పలేం. కంటికి నల్లగా కనిపించినంత మాత్రాన వేడి ఆగినట్టు కాదు.

ఎంత ఛాయ వేయవచ్చు? కర్మాగారంలో తయారై ధ్రువపత్రం పొందే చిన్న విమానాలకు అమెరికా నియమావళి చాలాకాలం ఒక హద్దు పెట్టింది. పైలట్ వీపు వరుసకు ముందున్న అద్దాలన్నీ కనీసం 70 శాతం వెలుగును లోపలికి వదలాలి. సొంతంగా కట్టుకున్న విమానాలకు ఆ నియమం వర్తించదు. అయినా దాని వెనకున్న తర్కం అందరికీ వర్తిస్తుంది. సాయంత్రం ఆలస్యమై చీకటి పడ్డాక దిగాల్సి వస్తే, మధ్యాహ్నం హాయినిచ్చిన ఛాయే రన్‌వేను కనిపించనివ్వదు. పగలు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని రాత్రి తీసేయవచ్చు, కానపీ ఛాయను తీయలేం. ముందు అద్దాన్ని రంగు లేకుండా ఉంచి, తల వెనక భాగానికి మాత్రమే ఛాయ పెట్టించుకోవడం వివేకం.

కార్లకు అతికించే ఫిల్మ్ సంగతి దగ్గరే చాలామంది దెబ్బతింటారు. తెలుగు రాష్ట్రాల్లో కారు ఉన్నవారికి ఫిల్మ్‌ల కథ తెలిసిందే. మోటారు వాహనాల నియమాల ప్రకారం ముందు, వెనక అద్దాలు 70 శాతం, పక్క అద్దాలు 50 శాతం వెలుగును వదలాలి. 2012లో సుప్రీంకోర్టు కార్ల అద్దాలకు నల్ల ఫిల్మ్ అతికించడాన్ని నిషేధించింది. ఆ ఫిల్మ్‌లన్నీ గాజు కోసం తయారైనవి. పరారుణాన్ని బాగా ఆపి వెలుగును వదిలే సిరామిక్ రకాలు గాజు మీద చక్కగా పనిచేస్తాయి. ప్లాస్టిక్ మీద కథ వేరు.

మొదటి ఇబ్బంది ఆకారంతో. బుడగ కానపీ రెండు దిశల్లోనూ వంగి ఉంటుంది. చదునైన ఫిల్మ్ దాని మీద ముడతలు పడకుండా కూర్చోదు. కారు అద్దం మీద చేసినట్టు వేడి గాలి కొట్టి సాగదీస్తే అడుగున ఉన్న అక్రిలిక్ దెబ్బతినవచ్చు. రెండోది తేమతో. పాలీకార్బొనేట్, అక్రిలిక్ రెండూ కాస్త తేమను పీల్చుకుంటాయి, వేడెక్కినప్పుడు విడుస్తాయి. ఫిల్మ్ కింద అది బుడగలై కూర్చుంటుంది. మూడోది వ్యాకోచంతో. ఒక మీటరు అక్రిలిక్ 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. పాలియెస్టర్ ఫిల్మ్ అందులో మూడో వంతు కూడా సాగదు. అతుక్కుని ఉన్న రెండు పొరలు రోజూ ఇలా లాగులాడుకుంటే అంచులు లేస్తాయి. నాలుగోది, అన్నిటికంటే ప్రమాదకరమైనది, రసాయనాలతో. కొన్ని జిగురులు, ఫిల్మ్ అతికించే ముందు వాడే అమ్మోనియా కలిసిన గాజు క్లీనర్లు, అంటుకున్న ఫిల్మ్‌ను తీసేటప్పుడు వాడే ద్రావకాలు ఒత్తిడిలో ఉన్న ప్లాస్టిక్‌లో సన్నని నెర్రెలు పుట్టిస్తాయి. వీటిని క్రేజింగ్ అంటారు. సూర్యుడికి ఎదురుగా ఎగిరినప్పుడు ఈ నెర్రెలు మెరిసి చూపును కమ్మేస్తాయి. అవి లోతుగా దిగితే ఆ పలక మార్చడం తప్ప గత్యంతరం లేదు. కొత్త కానపీ అమర్చడమంటే రోజుల తరబడి కోత, సాన, డ్రిల్లింగ్ పని, అది కూడా ఒక్క పొరపాటుకు పగిలిపోయే పలక మీద.

ఇన్ని తెలిసీ ఫిల్మ్ కావాలనుకుంటే చదునైన పక్క కిటికీలకు, జిగురు లేకుండా తనంతట తాను అంటుకునే వినైల్ రకం ఎంచుకోవడం నయం. అవసరం లేనప్పుడు తీసేయవచ్చు. లెక్కలో ఒక సంగతి మరచిపోకూడదు. 92 శాతం వదిలే పలక మీద 70 శాతం వదిలే ఫిల్మ్ వేస్తే మొత్తం మీద వచ్చేది సుమారు 64 శాతమే. లోహపు పొర ఉన్న ఫిల్మ్‌లైతే కానపీ కింద పెట్టుకున్న జీపీఎస్ యాంటెన్నా సంకేతాలను కూడా అడ్డుకోగలవు.

వ్యాకోచం ప్రస్తావన వచ్చింది కాబట్టి, కట్టేవారికి ఇంకో మాట. అల్యూమినియం చట్రం అక్రిలిక్‌లో మూడో వంతే సాగుతుంది. స్క్రూ రంధ్రాలు స్క్రూ కంటే పెద్దవిగా వేసి, మరీ బిగించకుండా వదిలితేనే ఎండలో సాగి, ఎత్తులో చలికి ముడుచుకునే పలక పగలకుండా నిలుస్తుంది.

గాలి ప్రసరణలో చాలామంది లోపలికి వచ్చే గాలి గురించే ఆలోచిస్తారు. 850 వాట్ల వేడిని 10 డిగ్రీల తేడాతో బయటికి మోసుకుపోవాలంటే సెకనుకు దాదాపు 70 లీటర్ల గాలి కావాలి. ఎగిరే వేగంలో అది కష్టం కాదు. విమానం పక్కన నాకా తూము అనే, రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా పరిశోధకులు రూపొందించిన పల్లపు ద్వారం నుంచి కావలసినంత గాలి వస్తుంది. కానీ అంతే గాలి బయటికి పోయే దారి లేకపోతే లోపలికి వచ్చేది ఆగిపోతుంది. కానపీ వంపు పైభాగంలో, వెనకవైపు బయటి పీడనం తక్కువగా ఉంటుంది. బయటికి పోయే రంధ్రం అక్కడ పెడితే తల దగ్గర పేరుకున్న వేడి గాలి దానంతటదే లాగబడుతుంది. చాలా విమానాల్లో కొత్త ఇన్‌లెట్ కంటే ఒక మంచి ఎగ్జిట్ ఎక్కువ మేలు చేస్తుంది. నేల మీద, తయారీదారు అనుమతించిన విమానాల్లో, కానపీని కాస్త తెరిచి ప్రొపెల్లర్ గాలిని లోపలికి రానివ్వవచ్చు. బయల్దేరే ముందు గొళ్లెం పడిందా లేదా అని చూడటం మాత్రం చెక్‌లిస్టులో పెద్ద అక్షరాలతో ఉండాలి.

లోపలి రంగులు లేతగా ఉండటం మేలు, ఒక్క మినహాయింపుతో. సీట్లు, పక్క పలకలు, సామాను గది లేత రంగుల్లో ఉంటే చేతికి తగిలే వేడి తగ్గుతుంది. ముందు అద్దం కింద ఉండే పలక మాత్రం నిగారింపు లేని ముదురు రంగులోనే ఉండాలి. అది లేత రంగులో ఉంటే దాని ప్రతిబింబం అద్దంలో పడి ఎదురుగా వచ్చే విమానాన్ని కనిపించకుండా చేస్తుంది. బయటి రంగుకు కూడా కారణం ఉంది. బర్ట్ రుటాన్ రూపొందించిన లాంగ్-ఈజీ లాంటి ఫైబర్‌గ్లాస్ విమానాలకు తెల్ల రంగే వేయాలన్నది అందం కోసం కాదు, ఎండకు అందులోని ఎపాక్సీ జిగురు మెత్తబడి బలం తగ్గకుండా ఉండటానికి.

పటాలు చూడటానికి వాడే ఐప్యాడ్‌ను 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత దాకానే వాడమని తయారీదారు చెబుతారు. కానపీ కింద నేరుగా ఎండ తగిలితే అది ఆరిపోవడం మామూలే. దానికి నీడ కల్పించి, ఒక గాలి గొట్టాన్ని దానివైపు తిప్పి, పక్కన మరో సాధనం సిద్ధంగా ఉంచుకోవాలి. మనిషికి కావలసింది అంతకంటే తేలిక. హెడ్‌సెట్ కింద ఒత్తుకోని, పైన బొత్తం లేని పలుచని టోపీ, పొడుగు చేతుల నూలు చొక్కా, నీళ్లు. ఒంట్లో నీరు తగ్గిన పైలట్ తనకు ఆలోచన మందగించిందని తాను గుర్తించలేడు.

ఏసీ సంగతి చివరికి మిగిలింది. చిన్న ఇంజన్ నుంచి కంప్రెసర్‌కు శక్తి తీసుకోవడం, దాని బరువు మోయడం రెండు సీట్ల విమానానికి భారం. అందుకే కొందరు ఐస్ పెట్టె, చిన్న పంపు, ఫ్యాన్ కలిపిన కూలర్ వాడతారు. 10 కిలోల ఐస్ కరగడానికి పీల్చుకునే వేడి సుమారు 33 లక్షల జౌళ్లు. 850 వాట్ల ఎండను అది ఒక్కటే మోయాలంటే గంట దాటి కాస్సేపట్లో కరిగిపోతుంది. నేల మీద నిరీక్షణకు, పైకెక్కేదాకా అది చాలు. ఆ తర్వాత ఎత్తే చల్లబరుస్తుంది. పెట్టె బరువును, అది ఉన్న చోటును గరిమనాభి లెక్కలో చేర్చాలి, కుదుపులకు కదలకుండా కట్టాలి.

ఖర్చు పెట్టే వరస కూడా ఇంతవరకు చెప్పినదాన్నిబట్టే ఉండాలి. మొదట ఫైర్‌వాల్ రంధ్రాలు మూయడం, తర్వాత బయటి గుడ్డ కప్పు, నెత్తి మీద లాగే తెర, వేడి గాలి బయటికి పోయే దారి. ఈ నాలుగూ చేశాక కూడా వేడి తగ్గకపోతేనే ఛాయ వేసిన కానపీ గురించి ఆలోచించాలి. జిగురుతో అతికించే ఫిల్మ్‌ను బుడగ కానపీ జోలికి అసలు రానివ్వకూడదు.